వంటింట్లో చదువు నేర్చిన ‘ప్రజల మనిషి’

నల్లగొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చే బస్సులు ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆగగానే సంచులు, బియ్యం మూటలు భుజానేసుకుని విద్యార్థులు దిగుతారు. వాళ్లలో చాలామంది దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు, కోచింగ్ సెంటర్లకు చేరుకుంటారు. అక్కడ చదివే పుస్తకాల్లో వట్టికోట ఆళ్వారుస్వామి ఒక మార్కు ప్రశ్న. ‘ప్రజల మనిషి’ నవల ఎవరిదంటే ఆయన పేరుకు టిక్కు పెట్టి ముందుకు పోతాం. ఆ రచయిత కూడా అదే నల్లగొండ నేల నుంచి, అంతకంటే గడ్డు రోజుల్లో నగరానికి వచ్చినవాడే.

ఆయన 1915 నవంబర్ 1న నకిరేకల్ ప్రాంతంలోని ఒక పల్లెలో పుట్టాడు. అమ్మ సింహాద్రమ్మ, నాన్న రామచంద్రాచార్యులు. వైష్ణవ సంప్రదాయపు ఇల్లే గానీ పేదరికం వదలలేదు. చిన్నతనంలోనే తండ్రి చనిపోయాడు. నిజాం పాలనలో చదువులు ఎక్కువగా ఉర్దూలో సాగేవి. తెలుగు బడులు అరుదు. తండ్రిలేని పేద పిల్లవాడికి ఆ కొద్దిపాటి బడులు కూడా అందలేదు.

అప్పుడు కాంచనపల్లి సీతారామారావు అనే ఉపాధ్యాయుడి ఇల్లు ఆయనకు ఆసరా అయింది. ఆ ఇంట్లో వంట చేసి పెడుతూ, ఆయన దగ్గరే చదువు నేర్చుకున్నాడు. ఒక చేత్తో గరిటె, మరో చేత్తో పుస్తకం. బడి మెట్లు సరిగా ఎక్కని పిల్లవాడు తెలంగాణ తొలితరం నవలాకారుల్లో ఒకడు కావడానికి పునాది ఆ పొయ్యి దగ్గరే పడింది.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. ఆ వంటింటి గడప ఆళ్వారుస్వామికి తెరుచుకుంది. ఆ రోజుల్లో అదే ఊళ్లోని మాల, మాదిగ వాడల నుంచి తండ్రిలేని పిల్లవాడు వస్తే, పై కులాల ఇంట్లో పొయ్యి ముట్టుకోనిచ్చేవారా? వాకిట్లో ఊడ్చే పని దొరికేదేమో గానీ గడప దాటనిచ్చేవారు కాదు. పేదరికం ఇద్దరిదీ ఒకటే. కులం మాత్రం ఒకరిని లోపలికి రమ్మంది, మరొకరిని బయటే నిలబెట్టింది. అందుకే భాగ్యరెడ్డి వర్మ లాంటివారు 1910 నుంచే హైదరాబాద్‌లో దళిత పిల్లల కోసం సొంతంగా బడులు పెట్టాల్సి వచ్చింది. ఆళ్వారుస్వామి కష్టాన్ని తక్కువ చేయడానికి మనం ఈ మాట అనడం లేదు. ఆయనకు దొరికిన అవకాశాన్ని ఆయన ఏం చేశాడన్నదే అసలు సంగతి.

హోటల్లో సర్వర్‌గా పనిచేశాడు. తర్వాత సురవరం ప్రతాపరెడ్డి నడిపిన గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించాడు. అచ్చువేసిన పుస్తకాలను దుకాణంలో పెట్టి కొనేవాళ్ల కోసం ఎదురుచూడలేదు. తానే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. దాశరథి ‘అగ్నిధార’ను వెలుగులోకి తెచ్చింది కూడా ఆయనే. తనకు వంటింట్లో దొరికిన అక్షరాన్ని జనం వాకిళ్ల దాకా మోసుకెళ్లాడు.

పుట్టిన పల్లె కూడా ఆయనకు పాఠమే చెప్పింది. చెరువులు, తాటిచెట్లు, ఎర్రచెలకల నల్లగొండ ఆయనకు కేవలం అందమైన దృశ్యం కాదు. చెరువు నీళ్లు ముందు ఎవరి పొలానికి పారతాయి, చెలక ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోతుంది, గడీలో వెట్టికి ఎవరు పోవాలి అన్న ప్రశ్నలు ఆ నేలలోనే ఉన్నాయి. ఆ ప్రశ్నలే ఆయన్ని ఆంధ్ర మహాసభలోకి, కమ్యూనిస్టు ఉద్యమంలోకి నడిపించాయి. ఏళ్ల తరబడి జైళ్లలో ఉన్నాడు. నిజామాబాద్ జైల్లో దాశరథి ఆయనకు తోటి ఖైదీ. అక్కడ చూసిన ఖైదీల బతుకులే తర్వాత ‘జైలు లోపల’ కథలయ్యాయి.

1955లో ‘ప్రజల మనిషి’ వచ్చింది. దిమ్మెగూడెం అనే పల్లె, దొర రామభూపాలరావు, అతన్ని ఎదిరించే కంఠీరవం. వెట్టి, భూముల కబ్జా, దళితుల మతమార్పిడి చుట్టూ అల్లుకున్న పెత్తందారీ రాజకీయాలు అన్నీ అందులో ఉన్నాయి. రెండో నవల ‘గంగు’ పూర్తి కాకుండానే 1961 ఫిబ్రవరి 5న ఆయన కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 45 ఏళ్లే.

ఆ నవలకు ఒక పరిమితి ఉంది. వాడ బాధను అది పక్కన నిలబడి చెప్పింది. వాడ తన గొంతుతో తానే మాట్లాడడానికి మరికొంత కాలం పట్టింది. అదే నల్లగొండ జిల్లా నుంచి బోయ జంగయ్య లాంటి దళిత రచయితలు వచ్చి ఆ పని చేశారు. ఆళ్వారుస్వామిని గౌరవించడమంటే ఈ రెండు సంగతులనూ కలిపి చదవడమే.

మనం తినే మెస్సుల వంటగదుల్లో ఇప్పటికీ పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లు గిన్నెలు తోముతూ కనిపిస్తారు. ఈ రాత్రి భోజనం అయ్యాక వాళ్లలో ఒకరిని ఏ ఊరు, ఎంతవరకు చదివావు అని అడుగుదాం. చదవాలని ఉందంటే మన దగ్గరున్న పుస్తకం ఇచ్చి, పక్కన కూర్చుందాం. ఒక మార్కు ప్రశ్నకు అంతకన్నా మంచి జవాబు లేదు.