ఊరు తలుపులు మూసినా... ఎర్రగుంట్ల పేరయ్య జీవితం

జీవిత చరిత్ర అనగానే మనకు రాజులు, కవులు, దేశ నాయకులు గుర్తుకు వస్తారు. తోళ్ళ వ్యాపారం చేసుకుని బతికిన ఒక మాదిగ పెద్ద గుర్తుకు రాడు. కాని తెలుగు దేశంలో క్రైస్తవ మతం ఎలా వ్యాపించిందో చదివే వారెవరూ ఎర్రగుంట్ల పేరయ్య పేరును దాటి ముందుకు పోలేరు. ఆయన జీవితంలో పెద్ద మలుపు మన ఏలూరులో తిరిగిందన్న సంగతి మన విద్యార్థి మిత్రులలో చాలామందికి తెలియకపోవచ్చు. అందుకే ఈ నాలుగు మాటలు రాయడానికి పూనుకున్నాను.

పేరయ్యది ఒంగోలు ప్రాంతంలోని తాళ్ళకొండపాడు. ఆ రోజుల్లో ఒంగోలు మద్రాసు రాజధానిలో, నెల్లూరు జిల్లా కింద ఉండేది. ఆనాటి పల్లెలో మాదిగవాడ బతుకు ఎట్లా సాగేదో ముందు చెప్పుకోవాలి. అది తెలియకపోతే తర్వాత జరిగిన కథ బోధపడదు. ఊళ్ళో చచ్చిన గొడ్డును మాదిగలు లాక్కుపోవాలి. దాని తోలు తీసి ఊని, రైతుకు చెప్పులు, ఎద్దులకు పట్టెడలు, బావిలోంచి నీళ్ళు తోడే మోటకు తోలు సంచి కుట్టి ఇవ్వాలి. జాతర వస్తే డప్పు కొట్టాలి. కరణం, మునసబు కబురు పెడితే వెట్టికి పోవాలి. దీనికంతటికీ ప్రతిఫలంగా కళ్ళంలో కాస్త ధాన్యం మేరగా దొరికేది. చచ్చిన గొడ్డు మాంసమే చాలా ఇళ్ళలో కూర. నేను రైతు కుటుంబంలో పుట్టినవాణ్ణి. మా పెద్దల సేద్యమంతా ఆ తోలు సంచి మీద, ఆ పట్టెడల మీద నడిచిందేనని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

పేరయ్య ఆ వాడలో కాస్త కలిగినవాడు. తోళ్ళు కొని అమ్మడం కోసం కృష్ణ దాటి ఉత్తరాదికి వస్తూ పోతూ ఉండేవాడు. వ్యాపారం ఎంత చేసినా ఆయన మనసు మాత్రం దేవుడి మీదే ఉండేది. బండికట్ల వీరమ్మ అనే యోగిని దగ్గర శిష్యరికం చేసి రాజయోగం నేర్చుకున్నాడు. గుడి గడప తొక్కనివ్వని కులంలో పుట్టినా, దేవుడు ఒక్కడేనని, ఆయనను లోపలే వెతుక్కోవాలని ఆ సాధనలో తెలుసుకున్నాడు. అయినా దాహం తీరలేదు.

అట్లా ఉత్తరాదికి వచ్చిన ఒక ప్రయాణంలో ఆయనకు ఒంగోలు అబ్రహాము అనే బంధువు కలిశాడు. అబ్రహాము అప్పటికే క్రైస్తవుడు. అతని నోట యేసు కథ విన్న పేరయ్య తోళ్ళ బేరం పక్కన పెట్టి మళ్ళీ మళ్ళీ అడిగి తెలుసుకున్నాడు. తర్వాత ఏలూరు వచ్చి, ఇక్కడ చర్చి మిషనరీ సొసైటీ తరఫున పనిచేస్తున్న అలెగ్జాండర్ దొరను కలిశాడు. త్వరలో ఒంగోలుకే ఒక మిషనరీ వస్తాడని, ఆయన కోసం కనిపెట్టుకుని ఉండమని అలెగ్జాండర్ చెప్పి పంపాడు. పేరయ్య ఇంటికి పోయి చేతులు కట్టుకుని కూర్చోలేదు. తాను విన్నది ముందు భార్య నాగమ్మకు, తర్వాత చుట్టాలకు, ఆ తర్వాత చుట్టుపట్ల మాదిగవాడలకు చెప్పసాగాడు.

1866లో లైమన్ జ్యూయెట్ ఒంగోలులో పేరయ్యకు బాప్తిస్మం ఇచ్చాడు. ఆ సెప్టెంబరులోనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు అందులో సభ్యులు 8 మంది. అదే నెలలో పేరయ్య పిలుపు మీద క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళి మకాం వేస్తే అక్కడ 28 మంది బాప్తిస్మం పొందారు. వారిని తయారు చేసినవాడు పేరయ్య. దొర వచ్చింది పంట కోతకు మాత్రమే. దున్నిందీ విత్తిందీ ఈయనే.

కొత్తగా చేరినవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. విగ్రహాలకు మొక్కరాదు. చదవడానికి ఇవి మామూలు నియమాలుగా కనిపిస్తాయి. కాని పైన చెప్పిన పల్లె బతుకును ఒకసారి గుర్తు చేసుకోండి. విగ్రహాలకు మొక్కననడమంటే జాతరలో డప్పు కొట్టననడం. చచ్చిన గొడ్డును తిననన్నవాడు ఊరికీ వాడకీ మధ్య తరాలుగా నడుస్తున్న ఒప్పందాన్ని కాదన్నట్లే. ఆదివారం రాననడం మునసబు కబురును తోసిపుచ్చడం. వరి కోతకు వచ్చినప్పుడు ఆదివారమా, సోమవారమా అని చూడదు. ఆ తొందర రైతుబిడ్డగా నాకూ తెలుసు. అయితే ఊరికి కోపం తెప్పించింది ఒక రోజు పని పోవడం కాదనిపిస్తుంది. మాదిగ నోట రాను అన్న మాట ఊరు అంతకుముందు వినలేదు.

ఇక శిక్ష మొదలయింది. చాకలి ఆ ఇళ్ళ బట్టలు ఉతకరాదని, కుమ్మరి వారికి కుండలు అమ్మరాదని ఊరి పెద్దలు కట్టడి చేశారు. వారి పశువులను ఊరి బీళ్ళ నుంచి తోలేశారు. రైతులు కూడబలుక్కుని చెప్పుల పని, పట్టెడల పని ఇవ్వడం మానేశారు. కోతల కాలంలో పొలంలోకి రానివ్వకపోయేసరికి ఏడాది పొడుగునా తినవలసిన గింజలు పోయాయి. ఇందులో కత్తి లేదు, నెత్తురు లేదు. పోలీసు కేసుకు అందే నేరమూ పెద్దగా లేదు. ఆకలితోనే పని జరిగిపోయేది.

విశ్వాసం కోసం కష్టాలు పడిన వారు ప్రపంచమంతటా ఉన్నారు. జపానులో 1614 నుంచి 1873 వరకు క్రైస్తవ మతం నిషేధం. అక్కడి వారు తరతరాలుగా రహస్యంగా ప్రార్థన చేసుకున్నారు. 1886లో ఉగాండాలో రాజు మ్వాంగా కొలువులోని యువకులను నముగోంగో దగ్గర సజీవంగా కాల్చారు. మనకు దగ్గరలో 1852లో బందరులోని నోబుల్ గారి బడిలో మంచాల రత్నం, అయినాల భూషణం అనే విద్యార్థులు మతం మారితే బడి ఖాళీ అయింది. పై కులాల వారు మారినప్పుడు పోయేది ఇల్లు, ఆస్తి. మతం మారినందుకు ఆస్తి హక్కు పోరాదని 1850లోనే చట్టం వచ్చింది. పేరయ్య మనుషులకు పోవడానికి ఆస్తే లేదు. కుండ, బట్ట, బీడు, కళ్ళంలో నాలుగు గింజలు. వాటిని కాపాడే చట్టం ఏదీ లేదు.

క్లౌ పరిస్థితి కూడా తేలిక కాలేదు. మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలను బడికి పంపమని ఒంగోలులోని పై కులాల వారు తేల్చి చెప్పారు. క్లౌ మాదిగలనే ఎంచుకున్నాడు. బడి ఖాళీ అయింది. పేరయ్య మాత్రం వ్యాపారం వదిలి, నాగమ్మతో కలిసి పల్లె పల్లె తిరిగాడు. కట్టడికి లోనైన కుటుంబాల మధ్య కూర్చుని ధైర్యం చెప్పాడు. తోళ్ళ బేరానికి తిరిగిన దారులు, ఏర్పడిన చుట్టరికాలు అన్నీ ఈ పనికి అక్కరకు వచ్చాయి.

ఇక్కడ ఒక అపవాదును ముచ్చటించాలి. వీళ్ళంతా గంజి కోసం, బియ్యం కోసం మారారని ఇప్పటికీ అనేవారున్నారు. 1876 నుంచి 1878 వరకు దక్షిణాదిలో ఘోర కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కంట్రాక్టు తీసుకుని వేలాది మందికి కూలి చూపించాడు. కాని ఆ కరువులో దాదాపు 15 నెలలు ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం ముగిశాకనే మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది నీళ్ళలోకి దిగారు. కరువు ఎందరిని కదిలించిందో లెక్క కట్టి చెప్పడం ఎవరి తరమూ కాదు. పేరయ్య విషయంలో మాత్రం సందేహానికి తావు లేదు. ఆయన మారింది కరువుకు పదేళ్ళ ముందు. అప్పుడాయన చేతిలో వ్యాపారం ఉంది. ఆయన వల్ల మారిన తొలి కుటుంబాలకు మతంతో పాటు దొరికింది పస్తులు.

ఈ పెద్దల జ్ఞాపకాలను ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ సేకరించి, చెప్పులు కుడుతూ అని అర్థం వచ్చే పేరుతో 1899లో ఇంగ్లీషులో పుస్తకం వేశారు. పేరయ్య గురించి ఈనాడు మనకు ఇంత తెలియడానికి అటువంటి రచనలే ఆధారం. మన భాషలో ఆయనకు దొరికిన చోటు చాలా చిన్నది.

మార్పు ఈ నేలకు కొత్త కాదు. మా కామవరపుకోట పక్కన గుంటుపల్లి కొండలో బౌద్ధ భిక్షువులు తొలిచిన గుహలు రెండువేల ఏళ్ళుగా నిలిచి ఉన్నాయి. మనసుకు నచ్చిన దారిన నడిచే హక్కు ఇప్పుడు రాజ్యాంగమే ఇచ్చింది. అయినా చిక్కు పూర్తిగా తీరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన మాల, మాదిగ కుటుంబాలకు షెడ్యూల్డు కులాల గుర్తింపు లేదు. సిక్కుల కోసం 1956లో, బౌద్ధుల కోసం 1990లో ఆ ఉత్తర్వును సవరించారు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులను బి.సి.-సి గా లెక్కిస్తారు. అందుచేత చర్చిలో ఒక పేరుతో, సర్టిఫికెట్టులో ఇంకొక పేరుతో బతికేవారు ఉన్నారు. అటువంటి వారిని చూసి నవ్వేవారూ ఉన్నారు. పేరయ్య నాటి కట్టడి ఇప్పుడు కాగితం మీదికి ఎక్కిందేమో ఆలోచించవలసిన బాధ్యత చదువుకుంటున్న మన మీద ఉంది.

సైన్సు విద్యార్థిగా ఏ మతం గొప్పదో తేల్చే పని నేను పెట్టుకోలేదు. పేరయ్య చేరిన మతం మనది కావచ్చు, కాకపోవచ్చు. మనసు ఒప్పని పనికి రానని చెప్పి, దాని ఖరీదును కుండతో, గింజతో చెల్లించిన మనిషి ఆయన. ఆనాడు ఆయన వారికి కళ్ళం మూసినవారు మనలాంటి రైతు కుటుంబాల వారే. రేపు ఆ కళ్ళాలకు, ఆఫీసులకు, బడులకు యజమానులం కాబోయే మనం ఈ కథను రెండు వైపుల నుంచీ చదవడం మంచిది.