చూపు లేని నాటకకర్త చిలకమర్తి

హాస్టలులో ఇంటరు పూర్తయిన వారు డిగ్రీలో ఏ గ్రూపు తీసుకోవాలా అని మాట్లాడుకునేటప్పుడు బి.ఎస్సీ., బి.కాం. పేర్లే వినపడతాయి. నాటకం కూడా ఒక చదువే అంటే నవ్వేవారే ఎక్కువ. ఇంట్లో చెబితే వేషాలు కట్టి ఏం తింటావురా అంటారు. ఆ భయం ఉత్తది కాదు, కూలి చేసి చదివించే అమ్మానాన్నలకు ఉండాల్సిందే. అయితే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయంలో, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలను పాఠంగా చెబుతున్నారని, ఏ డిగ్రీ చేసినవారైనా పి.జి.లో ఆ వైపు వెళ్లవచ్చని మనలో చాలామందికి తెలియదు.

అసలు మన గోదావరి ఒడ్డున నాటకం బడిపిల్లలతోనే మొదలయింది. 1880లో ధార్వాడ నుంచి ఒక నాటక సమాజం రాజమండ్రి వచ్చి ప్రదర్శనలిచ్చి వెళ్లిపోయింది. వాళ్లు వేసిన పాకలోనే కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థుల చేత తెలుగు నాటకాలు ఆడించారు. ఆ దారిలో వచ్చినవారే చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. ఈ సంచికకు ఆయన జీవితాన్ని ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది తర్వాత చెబుతాం.

మన పట్టిసీమ వీరభద్రస్వామి కొండను తాకి దిగువకు వెళ్లిన గోదావరి ధవళేశ్వరం దగ్గర పాయలవుతుంది. అందులో వశిష్ఠ పాయ వైపు పెరవలి మండలంలో ఖండవల్లి ఉంది. 1867 సెప్టెంబరు 26న చిలకమర్తి వారు అక్కడ పుట్టారు. సొంత ఊరు వీరవాసరం. చిన్నప్పటి నుంచి చూపు మందం, పైగా రేచీకటి. పొద్దు గూకితే పుస్తకం మూసేయాల్సిందే. ఎవరైనా చదివి పెడితే విని గుర్తుపెట్టుకోవడమే ఆయన చదువు. పరీక్షలకు కళ్లు మండేలా చదివే మనం ఇది ఒకసారి ఊహించుకోవాలి. అలా చదివే 1889లో రాజమండ్రిలో మెట్రిక్యులేషను గట్టెక్కారు. ఆపైన కాలేజీ చదువు లేదు.

అదే ఏడాది ఆయన రాసిన కీచకవధ రంగమెక్కింది. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. ఒంగోలు నుంచి వచ్చిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు రాజమండ్రిలో నాటక సమాజం నడిపేవారు. ఆయనకు కొత్త నాటకాలు కావాలి, చిలకమర్తి వారికి రాయడం వచ్చు. ఆ సమాజంలో వేషాలు కట్టిన కుర్రాళ్లలో టంగుటూరి ప్రకాశం ఒకరు. తర్వాత ఆంధ్రకేసరి అయినదీ, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయినదీ ఆయనే. నాటకాలాడితే చెడిపోతారనే పెద్దలకు ఈ ఒక్క పేరు చెప్పినా చాలు.

చిలకమర్తి వారి నాటకాల్లో ఊరూరా ఆడినది గయోపాఖ్యానం. గయుడనే గంధర్వుడు ఆకాశంలో పోతూ ఉమ్మిన తాంబూలం కృష్ణుడి దోసిట్లో పడుతుంది. చంపుతానని కృష్ణుడి శపథం. గయుడు అర్జునుడి కాళ్ల మీద పడితే, సంగతేమిటో వినకుండానే ఆయన అభయమిచ్చేస్తాడు. తీరా చూస్తే ప్రాణమిత్రుడితోనే యుద్ధం! ఇద్దరిదీ న్యాయమే, ఇద్దరూ తగ్గరు. ఈ కథే 1963లో శ్రీకృష్ణార్జున యుద్ధం సినిమాగా వచ్చింది. నాటకం పుస్తకం లక్ష ప్రతులకు పైగా అమ్ముడయిందని చెబుతారు. అప్పట్లో నాటకమంటే రాత్రిపూట దీపాల వెలుగులో ఆడేది. రేచీకటి మనిషికి ఆ రంగం మీద ఏం కనిపించి ఉంటుంది? ఆయన నాటకాన్ని చెవితోనే చూసి ఉంటారని మాకు అనిపిస్తుంది. వెనక వరుసలో కూర్చున్నవాడికి కూడా మాట మాట అందడానికి అదే కారణం కావచ్చు.

బతుకుతెరువుకు ఆయన రాజమండ్రి బడుల్లో తెలుగు పంతులుగా పనిచేశారు. పత్రికలు నడిపారు. రామచంద్రవిజయం నవలకు 1894లో చింతామణి పత్రిక బహుమతి వచ్చింది. గణపతి నవల తర్వాతి కాలంలో రేడియో నాటకంగా కూడా నవ్వించింది.

ఇక మేము దాచిన కారణం. 1909లో ఆయన రాజమండ్రిలో అంటరానివారని దూరం పెట్టిన కులాల పిల్లల కోసమే రామమోహన పాఠశాల పెట్టారు. మామూలు బడి గడప తొక్కనివ్వని రోజులవి. సాంఘిక సంక్షేమ శాఖ అనే మాటే పుట్టలేదు. కళ్లు సరిగా కనపడని, పెద్ద ఆస్తి లేని ఒక బ్రాహ్మణ పంతులు ఆ బడిని పదమూడేళ్లు నడిపారు. నాటకాలకు చప్పట్లు వస్తాయి, ఇలాంటి పనికి ఆ రోజుల్లో తిట్లే వచ్చేవి. చిలకమర్తి పేరు చెబితే గయోపాఖ్యానమే గుర్తొస్తుంది కాని, మన హాస్టలులో ఆ బడి ముందు గుర్తుకు రావాలి.

చివరికి ఆ కాస్త చూపూ పోయింది. ఆంధ్ర మిల్టను అని లోకం అన్నది అందుకే. 1942లో డెబ్బై అయిదేళ్ల వయసులో తన స్వీయచరిత్రను జ్ఞాపకం మీదనే చెప్పి రాయించారు. మరుసటి ఏడాది, డిగ్రీ చదవని ఆ మెట్రిక్యులేటును ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. 1946 జూన్ 17న ఆయన కన్నుమూశారు.