రాధాకృష్ణన్‌గారి ఆంగ్లము

ఆంగ్లభాషలో ప్లమ్ అను పండు రెండు విధముల వాడుకలోనికి వచ్చినది. ఎల్లరును ఆశించు కొలువును ప్లమ్ అందురు. ఆ పండును నోట నుంచుకొని పలికినట్లుండు దొరల ఉచ్చారణను ప్లమ్మీ అందురు. ఆ ఉచ్చారణ లేనిదే ఆ కొలువు దక్కదని మనవారిలో పలువురు భ్రమపడిరి. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి జీవితము ఆ భ్రమకు సమాధానము.

శ్రీహరికోట దీవికి ఉత్తరమున, నెల్లూరు సీమలోని సర్వేపల్లి వీరి పూర్వుల గ్రామము. వీరు 1888 సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణిలో జన్మించిరి. తిరుపతి, వేలూరు, మద్రాసు పట్టణములలో విద్యార్థివేతనములతో చదివిరి. బంధువొకరు తమ పాఠ్యగ్రంథముల నిచ్చుటచే తత్త్వశాస్త్రమును చేపట్టిరి. చదువునకై సీమకు పోలేదు. 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకులైరి.

1926లో ఆక్స్‌ఫర్డునందు ఉపన్యసించిరి. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. 1936లో ఆక్స్‌ఫర్డువారి స్పాల్డింగ్ ఆచార్యపీఠము వీరిని వరించినది. ఆ విశ్వవిద్యాలయమున ఆచార్యపీఠ మధిష్ఠించిన తొలి భారతీయులు వీరే. 1952 వరకు ఆ పీఠము వీరిదే.

ఉచ్చారణకే పేరొందిన ఆ చోట, వీరు తెల్లని తలపాగా దాల్చి, దక్షిణదేశపు పలుకుతోనే ప్రసంగించిరి. చేత కాగితము లేకయే వాక్యములు ధారగా సాగెడివి. శ్రోతలను కట్టివేసినది యాస కాదు, భావస్పష్టత.

1962లో రాష్ట్రపతియైరి, నాటినుండి వీరి జన్మదినము ఉపాధ్యాయ దినోత్సవమైనది. 1975 ఏప్రిల్ 17న పరమపదించిరి. తన పలుకునకు సిగ్గుపడి తరగతిలో మౌనము వహించు విద్యార్థికి ఉపాధ్యాయుడు చెప్పదగిన కథ యిది.