శాస్త్రపత్రికలకు దారి చూపిన గణితాచార్యుడు

వెదకువానికి దొరకని గ్రంథము గాదెలో మ్రగ్గిన ధాన్యమువంటిది. ఈ సత్యమును గ్రహించి మన దేశమున గ్రంథాలయశాస్త్రమునకు పునాది వేసిన మహనీయుడు శియాలి రామామృత రంగనాథన్.

ఆయన 1892లో తంజావూరు జిల్లా శియాలిలో జన్మించెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితము నభ్యసించి, మంగుళూరు, కోయంబత్తూరు, మద్రాసు కళాశాలలలో అధ్యాపకుడయ్యెను. నత్తి బాధించినను పట్టుదలతో దానిని జయించెను. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయమువారు ఆయనను గ్రంథాలయాధికారిగా నియమించిరి. శిష్యులు లేని ఆ మౌనమందిరములో కొలదిదినములకే విసుగు పుట్టి, తరగతిగదికి మరల పంపుమని ప్రిన్సిపాలును వేడుకొనెను. లండను పోయి ఆ విద్యను చూచిన పిదపను ఇష్టము లేనిచో మరలి రావచ్చునని ప్రిన్సిపాలు షరతు పెట్టెను. ఆ షరతే ఆయన జీవితమును మార్చివేసెను.

లండనులో బర్విక్ సేయర్స్ కడ వర్గీకరణ నేర్చెను. పాత పద్ధతులలో నూతన విషయములకు చోటు చాలకుండుట గమనించెను. ఒకనాడు దుకాణములో మెకానో ఆటవస్తువు కంటబడెను. కొన్ని ముక్కలతోనే పలు బొమ్మలు తయారగుట చూచి, విషయములను గూడ అట్లే అంశములుగా విడదీసి కూర్చవచ్చునని స్ఫురించెను. 1933లో వెలువడిన కోలన్ వర్గీకరణము దాని ఫలమే. వరి తెగుళ్లను గూర్చిన రచనకు వ్యవసాయము, వరి, తెగులు అను అంశములు వరుసగా చేరి ఒక సంఖ్య యేర్పడును. మరుసటి యేడు సూచీనియమములను ప్రకటించెను. అకారాదిసూచికలో విషయము పేరు చూచినచో సంఖ్య తెలియును. ఆ సంఖ్యకడ తత్సంబంధ గ్రంథములును, దానికి పైమెట్టున వ్యవసాయశాస్త్ర పత్రికలును కానవచ్చును. పత్రిక పేరు ముందుగా ఎరిగియుండవలసిన పని లేదు.

కాని కావలసిన పత్రిక తన గ్రంథాలయమున లేనిచో పరిశోధకుడేమి చేయగలడు? అందులకై ఆయన సహచరులతో కలిసి దక్షిణాసియా గ్రంథాలయములలోని విద్వత్పత్రికలకు ఉమ్మడి పట్టికను కూర్చెను. అందు భౌతిక, జీవశాస్త్రముల సంపుటము 1953లో వెలువడెను.

తాను కూడబెట్టిన లక్ష రూపాయలను, భార్య శారద పేరు కూడ నిలుచునట్లు, మద్రాసు విశ్వవిద్యాలయమున గ్రంథాలయశాస్త్ర ఆచార్యపీఠమునకై ఒసగెను. 1972లో బెంగుళూరున కన్నుమూసెను.

విద్యార్థులారా! నేడు మీరు కంప్యూటరు తెరపై పత్రికలను వెదకుచున్నారు. సాధనము మారినను మార్గమదియే. మీ విషయమును ముందుగా అంశములుగా విడదీసికొనుడు. విశేషపదముతో దొరకనిచో పైమెట్టు పదముతో వెదకుడు. ఆ గణితాచార్యుడు మనకు మిగిల్చిన ఆస్తి యిదియే.