టోపీదార్ బందూక్ వెనుక ఉన్న పాదిరి: అలెగ్జాండర్ ఫోర్సిత్

పాత షికారు కబుర్లు విన్నవాళ్లకు ‘టోపీదార్ బందూక్’ అనే మాట కొత్త కాదు. ఆ టోపీ తలకు పెట్టుకునేది కాదు. తుపాకీ ఘోడా కింద పెట్టే చిన్న రాగి గిన్నె. దాని లోపల కాస్త మందు ఉంటుంది. ఘోడా దెబ్బ తగలగానే ఆ మందు భగ్గుమని, గొట్టంలో ఉన్న అసలు బారూద్‌ను అంటిస్తుంది. ఇప్పటి రైఫిల్ తూటా అడుగున కనిపించే ప్రైమర్ కూడా ఆ టోపీ వంశానిదే. ఈ వంశానికి ఆద్యుడు సిపాయి కాదు, తుపాకులు చేసే ఉస్తాద్ కూడా కాదు. స్కాట్లాండ్‌లో ఒక పల్లె చర్చి పాదిరి.

అలెగ్జాండర్ జాన్ ఫోర్సిత్ 1768 డిసెంబర్ 28న బెల్‌హెల్వీలో పుట్టారు. అబర్డీన్ నగరానికి ఉత్తరాన, సముద్రం పక్కన ఉన్న ఊరు అది. తండ్రి కూడా అక్కడే పాదిరి. అబర్డీన్ కింగ్స్ కాలేజీలో చదువుకున్న ఫోర్సిత్, తండ్రి పోయాక 1791లో ఆయన స్థానంలో కూర్చున్నారు. చర్చి పని అయిపోతే మిగతా పొద్దంతా యంత్రాలు, రసాయనాలు, వేట. తీరంలో అడవి బాతులకు కొదవ లేదు.

చిక్కంతా ఆ బాతుల దగ్గరే వచ్చింది. అప్పటి తుపాకీ చెకుముకి తుపాకీ. (‘చఖ్మఖ్’ నుంచే తెలుగులోకి చెకుముకి వచ్చింది.) ట్రిగ్గర్ నొక్కితే రాయి ఉక్కుకు రాచుకుని నిప్పురవ్వలు రాలతాయి. పక్కనున్న చిన్న పళ్లెంలో మందు మండుతుంది. ఆ మంట సన్న రంధ్రం గుండా లోపలికి పోయాక గానీ తుపాకీ పేలదు. ఈ లోపు బయట మెరిసిన మెరుపు చూసి బాతు నీళ్లలో మునిగేది, లేదా పక్కకు తిరిగేది. వాన పడితే పళ్లెంలో మందు తడిసిపోయి అసలే పేలదు. వేటగాళ్లందరూ ఈ బాధ పడ్డవాళ్లే. ఫోర్సిత్ మాత్రం దాని అంతు చూడాలని కూర్చున్నారు.

దెబ్బ తగిలితే పేలే పొడులు అప్పటికే కొత్తగా బయటపడ్డాయి. ఫ్రాన్స్‌లో బెర్తొలే పొటాషియం క్లోరేట్‌తో తుపాకి మందు చేయబోతే 1788లో ఎసోన్‌లో పెద్ద పేలుడు జరిగి ఇద్దరు చనిపోయారు. ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ హోవర్డ్ 1800లో పాదరసపు ఫల్మినేట్ గురించి ప్రకటించారు. దాన్ని బారూద్‌కు బదులు తుపాకీలో వాడి చూస్తే తుపాకీయే పగిలింది. తూటాను తోసే మందు కాస్త నింపాదిగా మండాలి. ఒక్కసారిగా విరుచుకుపడితే గొట్టం తట్టుకోదు. ఫోర్సిత్ పట్టుకున్న కిటుకు ఇక్కడే ఉంది. తోసే పని పాత బారూద్‌కే వదిలేసి, అంటించే పని మాత్రం ఈ చురుకు పొడికి చిటికెడంత ఇవ్వాలి. మొదట దాన్ని చెకుముకి పళ్లెంలో వేసి చూస్తే ఫలితం రాలేదు. మూసిన చోట పెట్టి సుత్తితో కొట్టినప్పుడే మంట సూటిగా లోపలికి పోయింది. 1805 నాటికి అలాంటి తుపాకీతో ఆయన వేటాడారు.

1806లో దాన్ని లండన్ తీసుకెళ్లారు. సైన్యం ఆయుధాల శాఖ పెద్ద లార్డ్ మోయిరాకు అది నచ్చి, లండన్ టవర్‌లోనే ప్రయోగాలకు గది ఇప్పించారు. ఊళ్లో చర్చికి బదులు మనిషిని ఏర్పాటు చేశారు. మరుసటి ఏడాది మోయిరా పోయి లార్డ్ చాథమ్ వచ్చారు. కొత్త పెద్దమనిషికి ఈ గోల నచ్చలేదు. సామాను సర్దుకుని వెళ్లిపొమ్మన్నారు. పై అధికారి మారితే కింద పని గల్లంతు కావడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. నెపోలియన్ 20,000 పౌండ్లు ఇస్తానని కబురు పంపితే ఫోర్సిత్ కాదన్నారని చెబుతారు.

1807 ఏప్రిల్ 11న పేటెంట్ వచ్చింది. ఆ కాగితాలు రాయడంలో ఆవిరి యంత్రాల జేమ్స్ వాట్ సాయం చేశారు. తర్వాత పికడిల్లీలో దుకాణం తెరిచారు. పిల్ల అత్తరు సీసాలా ఉండే చిన్న డబ్బీ తుపాకీ పక్కన ఉంటుంది. దాన్ని ఒకసారి తిప్పితే ఒక పేలుడుకు సరిపడా పొడి పడుతుంది. తర్వాత పేరుమోసిన జేమ్స్ పర్డీ ఆ దుకాణంలో పనిచేసినవారే. నకలు కొట్టినవాళ్లపై దావాలు వేసి గెలిచారు కూడా. కానీ విడి పొడి తిప్పలు తిప్పలే. దాన్ని రాగి టోపీలో పెట్టిన ఘనత తమదంటే తమదని చాలామంది తగవులాడారు. వాళ్లలో అమెరికా వెళ్లిన జాషువా షా పేరు ఎక్కువ వినబడుతుంది. ఆ టోపీ వచ్చాకే పద్ధతి నలుగురికీ అందింది. ఫోర్సిత్ పేటెంట్ గడువు 1821లో తీరింది.

సైన్యం మేలుకోవడానికి ఇంకా పదమూడేళ్లు పట్టింది. 1834లో వూలిచ్‌లో రెండు రకాల తుపాకులతో చెరి 6,000 సార్లు పేల్చి చూశారు. చెకుముకి తుపాకీ 922 సార్లు మొరాయించింది. టోపీ తుపాకీ 36 సార్లే.

ఇత్తడి తూటాలు వచ్చాక టోపీ వాటి అడుగుకు చేరి ప్రైమర్ అయింది. దాన్ని రెండు రకాలుగా స్థిరపరచినవారు ఇంగ్లండ్‌లో బాక్సర్, అమెరికాలో బెర్డాన్. బాక్సర్ రకంలో తూటా అడుగున మధ్యలో ఒకటే రంధ్రం కాబట్టి పాత ప్రైమర్‌ను సులువుగా తోసేయొచ్చు. వేట తూటాలను చేత్తో నింపుకునే దేశాల్లో దానికే గిరాకీ. ఫోర్సిత్ ఎదుర్కొన్న లెక్కే వాళ్లదీ. పెద్ద తూటాలో నెమ్మదిగా మండే పొగలేని మందు పోస్తే, ముఖ్యంగా చలిలో, బలమైన మాగ్నమ్ ప్రైమర్ కావాలి. అలాగని ఒకదాని బదులు ఇంకొకటి పెట్టేస్తే లోపలి ఒత్తిడి మారిపోతుంది. అందుకే ప్రైమర్ మార్చిన ప్రతిసారీ మందు తగ్గించి మళ్లీ మొదటి నుంచి చూసుకుంటారు. క్లోరేట్ ప్రైమర్లు ఉప్పు వదిలి గొట్టానికి తుప్పు పట్టించేవి. తర్వాతి రకాల్లో ఆ బెడద పోయింది.

1857లో హిందూ, ముస్లిం సిపాయిల ముందుకు వచ్చిన ఎన్‌ఫీల్డ్ కూడా టోపీ తుపాకీయే. అయితే గొడవ టోపీ మీద కాదు. బారూద్, గుండు చుట్టిన కాగితపు తూటాను పళ్లతో చించాలి. దానికి పూసిన కొవ్వు ఆవుదనీ పందిదనీ మాట పాకింది. టోపీని ఆ తర్వాత విడిగా పెట్టుకునేవారు.

ఫోర్సిత్ అప్పటికే లేరు. టవర్ నుంచి వచ్చాక ఆయన బెల్‌హెల్వీ చర్చిలోనే ఉండిపోయారు, మొత్తం 52 ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు. సైన్యమంతా తన పద్ధతికి మారుతున్న రోజుల్లో, 1842లో ప్రభుత్వం ఇచ్చింది 200 పౌండ్లు. 1843 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత ఇంకో 1,000 పౌండ్లు మంజూరయ్యాయి. వాటిని ముగ్గురు బంధువులు పంచుకున్నారు.