గుంటూరు డాక్టరమ్మ సిస్టర్ మేరీ



మన విజయవాడకు కృష్ణ ఆవల, గుంటూరులోని సెయింట్ జోసఫ్ ఆసుపత్రి మీరెరిగినదే. అక్కడ పుట్టినవారూ మీలో ఉండవచ్చు. దానిని పెంచి పెద్దచేసిన డాక్టరమ్మ కథ వినండి.

మేరీ గ్లౌరీ 1887లో ఆస్ట్రేలియాలో జన్మించారు. మెల్బోర్న్‌లో పేరున్న వైద్యురాలు. 1915లో ఒక చిన్న పుస్తకం ఆమె చేతికి వచ్చింది. అది రావల్పిండిలో స్త్రీలకు ఆసుపత్రి స్థాపించిన డాక్టర్ ఆగ్నెస్ మెక్లారెన్ జీవితం. మన దేశంలో తల్లీబిడ్డల దుస్థితి చదివాక ఆమె మనసు నిలువలేదు. 1919లో ఎం.డి. పూర్తిచేసి, 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరి జె.ఎం.జె. సభలో ప్రవేశించారు.

ఇక్కడే వచ్చింది చిక్కు. మఠకన్యలు వైద్యం చేయడానికి, అందులోనూ కాన్పులు చేయడానికి, అప్పటి శ్రీసభ నియమాలు ఒప్పుకునేవి కావు. పదిహేనవ బెనెడిక్ట్ పోపుగారు ఈమెకు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. తక్కిన మఠకన్యలకు కాన్పుగది తలుపు 1936లో గాని తెరుచుకోలేదు. ఆ ఆలస్యానికి ఎందరు తల్లులు బలయ్యారో!

సిస్టర్ మేరీ ఒంటరిగా చేయలేనని గ్రహించి, స్థానిక స్త్రీలకు నర్సులుగా, మంత్రసానులుగా శిక్షణ ఇచ్చారు. (మీ ఇంట నర్సమ్మ ఉంటే ఒక మాట. గర్భం నిలిచినట్లు తెలియగానే ఆసుపత్రిలో పైవారికి చెప్పమనండి. ఎక్స్‌రే గది, కేన్సరు మందులు కలిపే పని కడుపులోని బిడ్డకు మంచివి కావు. సిగ్గుపడి దాచకూడదు.)

1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. 1957 మే 5న బెంగుళూరులో కేన్సరుతో కన్నుమూశారు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.