బాత్ పట్టణములో వెస్లీ అయ్యగారు

మెదకు మహాదేవాలయమును కట్టించిన పాస్నెట్ దొరగారు వెస్లీ సంఘపు మిషనెరీ యని మనమెరుగుదుము. ఆ సంఘమునకు మూలపురుషుడైన జాన్ వెస్లీగారు 1703లో పుట్టి, 1738లో రక్షణ నిశ్చయత పొంది, మరుసటి యేడు జూన్ 5న ఇంగ్లండులోని బాత్ పట్టణమున ప్రసంగించిరి.

అచ్చట నేలలోనుండి వేడినీళ్లు ఊరుచుండును. బేతెస్ద కోనేటియొద్దవలె రోగులు చేరెడివారు; వారితోకూడ జూదగాండ్రును చేరెడివారు. ఆ ఊరి వేడుకలకు పెద్దయైన నాష్ అనునతడు ప్రసంగము మధ్య వచ్చి, ఏ అధికారముచేత బోధించుచున్నారని అడిగెను. (ఈ ప్రశ్నను సువార్తలలో మనము వినియేయున్నాము.) ఈ బోధ జనులను బెదరగొట్టుచున్నదనెను. మీరెప్పుడైన వింటిరా యని అయ్యగారు అడుగగా, వినలేదనియు, నలుగురు చెప్పుకొనుటను బట్టి అనుచున్నాననియు ఒప్పుకొనెను. అట్లయిన నలుగురి మాటను బట్టి మీకు తీర్పు తీర్చ నాకు ధైర్యము చాలదని అయ్యగారు బదులు చెప్పిరి. నాష్‌ను గూర్చి నలుగురు ఏమనుకొనుచుండిరో అందరికిని తెలియును! మన శేరిగూడ వంటి ఊళ్లలోను విన్నమాటతోనే తీర్పులు జరుగుట చూచుచున్నాము గదా.

అంతట ఒక ముసలమ్మ, మీరు మీ శరీరమును చూచుకొనుచున్నారు, మేము మా ఆత్మల ఆహారమునకై వచ్చితిమని నాష్‌తో చెప్పెను. అతడు మారుమాటాడక వెళ్లిపోయెను.

నాష్ ముసలితనమున బీదయై చనిపోయెను. వెస్లీగారు ఆ ఊరికి పలుమారులు వెళ్లి, 1777లో, తమ 74వ యేట, అచ్చట ప్రార్థనాలయమునకు పునాదిరాయి వేసిరి.